సీట్లు పెరిగాయి సరే, ఫ్లైట్లెన్ని?

రేణిగుంట రన్‌వేని 3,810 మీటర్లకు పొడిగిస్తారన్న మాట పుట్టినప్పటి నుంచి తిరుపతిలో ఎవర్ని కదిపినా ఒకటే సంబరం: ఇక మనకూ పెద్ద విమానాలు. రానివ్వండి, ఎవరొద్దన్నారు? కాకపోతే పెద్దది వచ్చిన చోట చిన్నది మెల్లగా తప్పుకుంటుంది, ఆ సంగతే ఎవరూ ఎత్తడం లేదు. అమెరికాలో యాభై సీట్ల జెట్లను ఎయిర్‌లైన్లు ఒక్కొక్కటిగా పక్కన పెడుతూ వచ్చాక అక్కడి చిన్న ఊళ్లకు ఏమైందో చదువుతుంటే నాకు రేణిగుంటే కళ్ల ముందు మెదులుతోంది. ఒక ఊరికి విమాన సౌకర్యం ఎంతుందో సీట్లు లెక్కపెడితే తెలియదు. రోజుకు ఎన్నిసార్లు విమానం లేస్తుంది, ఏ వేళల్లో లేస్తుంది, ఎన్ని ఊళ్లకు లేస్తుంది, ఇవి చూడాలి. నేను చెప్పదలచింది ఇదే. మిగతాదంతా దీనికి లెక్కలు, దీని మీద నాకే ఉన్న అనుమానాలు.

మూడు ఏటీఆర్‌లు, ఒక ఎయిర్‌బస్

ఇండిగో నడిపే చిన్న ప్రొపెల్లర్ విమానం ఏటీఆర్-72లో 78 సీట్లు. మూడు ఫ్లైట్లు తిరిగితే 234. అదే సంస్థ పెద్ద ఎయిర్‌బస్ జెట్ ఎ321నియోలో 232 సీట్ల రకం ఒకటుంది. మూడు ఏటీఆర్‌లు తీసేసి ఒక ఎ321 వేస్తే కాగితం మీద పోయింది రెండు సీట్లే. ప్రయాణికుల సంఖ్య చూసేవాళ్లకు అసలు తేడాయే కనిపించదు.

తేడా కనిపించేది దర్శనానికి వచ్చేవాళ్లకు. హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం మూడొందల రూపాయల టికెట్టు తీసుకుంది, స్లాటు ఉదయం పదకొండుకి అనుకుందాం. విమానం దిగాక సామాను చేతికి రావడానికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. రేణిగుంట నుంచి అలిపిరికి ట్రాఫిక్‌ని బట్టి ముప్పావుగంట. అలిపిరిలో తనిఖీ. పైకి వెళ్లే ఘాట్‌లో వేగానికి పరిమితి ఉంది, ఎంత తొందరున్నా దాదాపు అరగంట పడుతుంది. కొండ మీద సెల్‌ఫోన్లు, బ్యాగులు అప్పగించి క్యూలో నిలబడేసరికి, దిగినప్పటి నుంచి లెక్క వేస్తే మూడు గంటలు అయిపోతాయి. అంటే విమానం ఎనిమిది లోపల దిగాలి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు ఫ్లైట్లు ఉన్నప్పుడు ఇది కుదురుతుంది. ఉన్న ఒక్క పెద్ద విమానం మధ్యాహ్నం ఒంటిగంటకు దిగేదైతే ఆ కుటుంబం ముందురోజే రావాలి. టికెట్టు మీద తలకు అయిదొందలు మిగిలినా ఆ రాత్రి గది అద్దెకు, రెండు పూటల తిండికి అంతకంటే ఎక్కువే పోతుంది. చివరికి వాళ్లు చేసేది తెలిసిందే. రాత్రి నారాయణాద్రి ఎక్కేస్తారు.

అలిపిరి నుంచి కొండకు నిమిషాల మీద బస్సులు కదులుతాయి కాబట్టే అందులో ఎన్ని సీట్లున్నాయని ఎవరూ అడగరు. అవే సీట్లన్నీ కలిపి మూడు గంటలకొక పొడవాటి బండి వేస్తే రోజుకు పైకి చేరే జనం అంతే ఉండొచ్చు గానీ, బస్‌స్టాండు ఏమవుతుందో మనందరికీ తెలుసు.

ఫ్లైటు రద్దయిన రోజు ఈ లెక్క ఇంకా తేటగా కనిపిస్తుంది. మూడు ఏటీఆర్‌లు ఎనభై శాతం నిండి తిరుగుతున్నాయనుకుంటే ఒక్కోదాంట్లో 62 మంది. ఒకటి చెడిపోతే మిగిలిన రెండింటిలో 32 ఖాళీలున్నాయి, సగం మంది అదే రోజు ఇంటికి చేరతారు. ఎ321 ఎనభై శాతం అంటే 186 మంది. అది ఆగిపోతే సాయంత్రం సర్దడానికి ఇంకో విమానమే లేదు. ఆ 186 మందీ ట్యాక్సీ కౌంటరు మీద పడతారు, నూట ముప్పై అయిదు కిలోమీటర్ల అవతల చెన్నై ఎయిర్‌పోర్టు ఉంది కదా అని. ఒకసారి చెన్నై దారి పట్టినవాడు మళ్లీ రేణిగుంటలో బుక్ చేసుకోవడానికి వెనకాడతాడు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

డెబ్బై ఎనిమిదే ఎందుకు?

ఏటీఆర్-72లో ఎనభైకి ఒకటీ అరా తక్కువ సీట్లు పెట్టడం యాదృచ్ఛికం కాదు. దేశీయ షెడ్యూల్డ్ సర్వీసుల్లో ఎనభై సీట్ల లోపు విమానానికి ల్యాండింగ్ చార్జీ లేదు. గరిష్ఠ టేకాఫ్ బరువు 40 టన్నుల లోపుంటే ఇంధనం మీద అమ్మకపు పన్నులో రాయితీ ఉంది. ఏటీఆర్ బరువు 23 టన్నులు, కాబట్టి రెండు రాయితీలూ దానికి దక్కుతాయి. స్పైస్‌జెట్ మొదట్లో తెచ్చిన మరో ప్రొపెల్లర్ విమానం క్యూ400లోనూ 78 సీట్లే. స్టార్ ఎయిర్ నడిపే చిన్న జెట్ ఎంబ్రేయర్-175లో 76.

ఈ గీతలు దాటితే ఏమవుతుందో చూడాలంటే విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో మొదలైన ఎయిర్ కోస్తాను చూడొచ్చు. దాని ఎంబ్రేయర్-170 రాయితీ గీతకు లోపలే ఉంది. తర్వాత తెచ్చిన ఎంబ్రేయర్-190 నూరు సీట్లు దాటింది, బరువు యాభై టన్నుల దరిదాపు. రెండు రాయితీలూ పోయాయి. నిండని రూట్లలో అది పెద్ద విమానం ఖర్చుతో తిరిగింది, పెద్ద విమానాలున్న రూట్లలో చిన్న సంస్థగా మిగిలింది. 2017 ఫిబ్రవరితో ఆ సంస్థ కథ ముగిసింది. కారణాలు ఇంకా ఉన్నాయి, అద్దెలు కట్టలేకపోవడం ముఖ్యమైనది. కానీ ఈ గీతల సంగతి పక్కన పెట్టి ఆ కథ చెప్పలేం.

ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్ఏఎల్ రష్యావాళ్లతో కలిసి ఇక్కడ తయారు చేస్తానంటున్న సూపర్‌జెట్-100కీ ఇదే మెలిక. నూరు సీట్ల విమానం, బరువు 45 టన్నుల పైన. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర పథకం ‘ఉడాన్’ ఊళ్ల కోసం అని చెబుతున్న విమానం ఈ రెండు రాయితీల్లో దేనికీ అందదు. రాయితీ గీతను అయినా జరపాలి, లేదా ఆ విమానం చిన్న ఊళ్లకు వస్తుందన్న మాటైనా మానాలి.

అమెరికా సంగతి

అక్కడ ఈ గీతలు గీసింది ప్రభుత్వం కాదు, పైలట్ల యూనియన్లు. పెద్ద ఎయిర్‌లైన్ తన పేరు మీద తిరిగే ఫ్లైట్లను చవక జీతాల చిన్న సంస్థలకు ఎంతవరకు అప్పగించవచ్చో ఒప్పందంలో రాసుకుంటారు. పెద్ద మూడు సంస్థల్లో (అమెరికన్, డెల్టా, యునైటెడ్) ఆ హద్దు స్థూలంగా 76 సీట్లు, 86,000 పౌండ్లు. కిలోల్లోకి మారిస్తే 39 టన్నులు! మన 40 టన్నుల గీత ఎక్కడ, వాళ్ల యూనియన్ ఒప్పందం ఎక్కడ. రెండు దేశాల్లో రెండు వేరువేరు కారణాలు, చివరికి రెండూ 76 సీట్ల ఎంబ్రేయర్-175 దగ్గరే కలిశాయి. ఇంధనం తక్కువ తాగే దాని కొత్త రూపం, ఇ2, బరువు 44 టన్నులు దాటింది. అందుకే అమెరికాలో ఆ సంస్థలు ఇప్పటికీ పాత రకాన్నే కొంటున్నాయి.

ఇక యాభై సీట్ల జెట్లు, సీఆర్‌జే-200, ఈఆర్‌జే-145. వీటి చావుకు నేనైతే కన్నీళ్లు పెట్టను. సుమారు లెక్కలో ఇలాంటి జెట్ గంటకు టన్ను పైన ఇంధనం కాలుస్తుంది, సీటుకు ఇరవై కిలోలకు పైనే. ఎ320నియో గంటకు రెండు టన్నుల పైచిలుకు తాగినా 186 సీట్ల మీద పంచితే పన్నెండు, పదమూడు కిలోలు. ఏటీఆర్ గంటకు ఏడొందల కిలోలు, సీటుకు తొమ్మిది. ఏటీఆర్ వేగం తక్కువ కాబట్టి గంటల లెక్కలో దానికి కొంత మొగ్గు కనిపిస్తుంది, నిజమే. ఆ మొగ్గు తీసేసి చూసినా యాభై సీట్ల జెట్ ఎక్కడా నిలబడదు. పైగా పైలట్లిద్దరి జీతం యాభై టికెట్ల మీదే పడుతుంది.

2022లో ఆ జీతాలే ఒక్కసారిగా పెరిగాయి. అమెరికన్ ఎయిర్‌లైన్స్ కింది మూడు ప్రాంతీయ సంస్థలు కొత్త కోపైలట్‌కి గంటకు 90 డాలర్లు ఇస్తామన్నాయి. కొవిడ్‌లో ముందస్తు రిటైర్మెంట్లు ఇచ్చేసిన పెద్ద సంస్థలు చిన్న సంస్థల కెప్టెన్లను లాగేసుకున్నాయి, చిన్న సంస్థల్లో విమానాలున్నా నడిపేవాళ్లు లేరు. ఆ ఏడాది మార్చిలో స్కైవెస్ట్ అనే ప్రాంతీయ సంస్థ, ప్రభుత్వ సబ్సిడీతో నడుపుతున్న 29 ఊళ్ల నుంచి తప్పుకుంటామని నోటీసిచ్చింది. సెప్టెంబరులో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టొలీడో, ఇథాకా, డుబ్యూక్ లాంటి ఊళ్లను వదిలేసింది. టొలీడోవాళ్లకు గంట దూరంలో డెట్రాయిట్ ఉంది. చెన్నై పక్కనున్న మనకు ఈ వరస కొత్తగా చెప్పక్కర్లేదు.

యాభై సీట్లది పోయిన చోట 76 సీట్లది వస్తే ఊరికి నష్టమేంటి అని అడగొచ్చు. వచ్చిన చోట నష్టం లేదు. కానీ రోజుకు నాలుగు యాభైలు తిరిగిన ఊరికి నాలుగు డెబ్బై ఆర్లు రావు, రెండొస్తాయి. రెండు యాభైలున్న ఊరికి ఏదీ రాదు.

పైలట్లకు ఏమవుతుంది

అమెరికాలో ఎయిర్‌లైన్ కాక్‌పిట్‌లో కూర్చోవాలంటే 2013 నుంచి మామూలుగా 1,500 గంటలు ఉండాలి. 2009లో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ ప్రమాదం తర్వాత వచ్చిన నియమం అది. ఆ విమానంలోని పైలట్లిద్దరికీ 1,500 గంటలకు పైనే ఉన్నాయన్నది వేరే విషయం. నియమం మంచిదో చెడ్డదో గానీ, అక్కడ ప్రాంతీయ సంస్థ ఒక మెట్టు. చిన్న విమానంలో కెప్టెన్ అయ్యి, గంటలు పోగేసుకుని పెద్దదానికి ఎక్కుతారు.

మన దగ్గర ఆ మెట్టు లేదు. రెండొందల గంటల కమర్షియల్ లైసెన్సు, దాని మీద టైప్ రేటింగ్ ఉంటే కుర్రాడు నేరుగా ఎ320 కుడి సీట్లో కూర్చోవచ్చు. మరి చిన్న విమానం పోతే మన పైలట్లకు నష్టమేంటి? ఈ ప్రశ్న నన్ను చాలాసేపు ఆపింది. నిజంగానే కొత్తగా వచ్చేవాళ్లకు పెద్ద నష్టం లేదు, జీతం ఎ320లోనే బాగుంటుంది. దెబ్బ తగిలేది మధ్యలో ఉన్నవాళ్లకు.

టైప్ రేటింగ్ అనేది విమానం రకానికి కట్టిన లైసెన్సు. ఏటీఆర్ కెప్టెన్‌కి ఎన్ని వేల గంటలున్నా రేపు ఎ320 తోలలేడు. రెండు మూడు వారాల క్లాసులు, ఆపై సిమ్యులేటర్ సెషన్లు, చెక్, నిజం విమానం మీద ల్యాండింగ్‌లు, తర్వాత ట్రైనింగ్ కెప్టెన్ పక్కన లైన్ ఫ్లైయింగ్. అంతా సాఫీగా సాగితే మూడు నాలుగు నెలలు, సిమ్యులేటర్ స్లాటు దొరక్కపోతే ఆరు. పైగా కెప్టెన్‌గా దిగినవాడు చాలా చోట్ల కోపైలట్‌గా ఎక్కాలి. సొంత ఖర్చుతో చేయాల్సి వస్తే పది లక్షల పైమాటే.

ఎయిర్ కోస్తా మూతపడినప్పుడు ఇదే జరిగింది. ఎంబ్రేయర్-170, 190 రెండింటికీ ఒకే టైప్ రేటింగ్, కానీ 2017లో దేశంలో ఆ విమానంతో షెడ్యూల్డ్ సర్వీసులు నడిపే మరో సంస్థే లేదు. 2019లో స్టార్ ఎయిర్ ఎంబ్రేయర్‌తోనే మొదలైంది కదా అంటే, అది ఈఆర్‌జే-145. పేరు ఒకటే, రేటింగ్ వేరు! వాళ్లు 175 తెచ్చేసరికి 2023. ఆరేళ్లు. చేతిలో రేటింగ్ ఉండి, నడపడానికి విమానం లేకపోవడమంటే ఇదే. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ ఆగినప్పుడు ఏటీఆర్ పైలట్ల పరిస్థితి కాస్త నయం. ఇండిగో, అలయన్స్ ఎయిర్ అదే విమానం నడుపుతున్నాయి కాబట్టి.

ఊరి సర్వీసుకూ ఈ ట్రైనింగ్‌కూ లంకె ఉంది. ఏటీఆర్ నుంచి ఎ320కి పైలట్‌ని పంపిన రోజు నుంచి అతను ఏదీ నడపడు. ఏటీఆర్ రోస్టర్‌లో ఖాళీ పడుతుంది. మామూలుగా ఒక పైలట్‌ని ఒకే రకం మీద తిప్పుతారు కాబట్టి ఎ320 నుంచి తెచ్చి ఆ ఖాళీ పూడ్చలేరు. అప్పుడు ముందుగా రద్దయ్యే ఫ్లైటు ఏది? ప్రయాణికులు తక్కువుండే చిన్న ఊరిది. ఎయిర్‌పోర్టులో దానికి చెప్పే పేరు ‘ఆపరేషనల్ కారణాలు’.

ఇంకొకటి, గంటకోసారి లేచి దిగే పని ఒంటికి శ్రమే. ల్యాండింగ్‌లు ఎక్కువైతే ఆ రోజు డ్యూటీ గంటలు తగ్గాలని నియమం ఉంది. దానివల్ల సంస్థకు ఏటీఆర్ పైలట్ ఖరీదెక్కువ: ఒక పైలట్ వెనక 39 సీట్లే ఉన్నాయి, ఎ321లో 116. పైలట్ల కొరత వచ్చినప్పుడల్లా ఎవరి గంటల్ని దేని మీద ఖర్చు పెట్టాలన్న లెక్కలో ఏటీఆర్ ఓడిపోతుంది. కానీ అదే పనిలో ఆరు నెలల్లో దొరికే టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు దూరపు రూట్లలో ఏడాదికీ దొరకవు. వానాకాలపు గాలుల్లో చిన్న రన్‌వేల మీద చేయి తిరిగిన కెప్టెన్లు అక్కడే తయారవుతారు.

ఏటీఆర్‌ని నెత్తిన పెట్టుకోవడం లేదు

దాని లోపాలు ఎక్కినవాళ్లకు తెలుసు. నేల మీద కరెంటు, ఏసీ ఇచ్చే చిన్న సహాయక ఇంజన్, ఏపీయూ, దానికి లేదు. నేల మీదున్నప్పుడు కరెంటుకూ ఏసీకీ కుడి ఇంజన్‌ని ప్రొపెల్లర్ బ్రేకు వేసి నడుపుతారు. గాలి వాటం బాగోకపోతేనో, గ్రౌండ్ సిబ్బంది కుడివైపు పని చేస్తుంటేనో అదీ ఆపేయాల్సి వస్తుంది. మే నెల మధ్యాహ్నం రేణిగుంటలో పది నిమిషాలు అలా కూర్చుంటే ఎయిర్‌బస్ ఎప్పుడొస్తుందా అనిపించడం సహజం. ఎక్కేది వెనక తలుపు నుంచి, సామాను ఎక్కేది ముందు. జనమంతా వెనక గుమిగూడితే తోక నేలకు తగలకుండా కింద ఒక కర్ర లాంటి ఊతం పెడతారు. అది చూసి ‘ఇదేం విమానం’ అనుకునేవాళ్లు చాలామంది.

బరువు సంగతీ ఉంది. పెద్ద మనిషికి చేతిసంచితో కలిపి 75 కిలోల చొప్పున 78 మంది 5,850 కిలోలు. తలకు పదిహేను కిలోల సామాను 1,170. మొత్తం 7,020. ఏటీఆర్ మోయగలిగేది ఏడున్నర టన్నుల చిల్లర. తిరుగు ప్రయాణంలో లడ్డూల సంచులు చేతిసంచి లెక్కలోకి రాకుండానే కేబిన్‌లోకి వస్తాయి, పైనున్న అరలు చిన్నవి. గుండు మీద చందనం, ఒళ్లో ప్రసాదం సంచి పెట్టుకుని గంటంపావు కూర్చోవడమే.

అవతలివాళ్ల బలమైన వాదన ఇవేవీ కాదు. తిరుపతి చిన్న ఊరు కాదు, హైదరాబాద్ రూటులో ఎ320 నిండుతుంది, నిండే చోట పెద్దది వేస్తే టికెట్టు ధర తగ్గుతుంది అంటారు. ఒప్పుకుంటాను. హైదరాబాద్, బెంగళూరు, ముంబై లాంటి రూట్లలో పెద్ద విమానం న్యాయమే, రోజుకు మూడు సార్లకు తగ్గనంత వరకు. నా పేచీ మిగతా ఊళ్ల గురించి. విజయవాడ, రాజమండ్రి, కలబురగి, బెళగావి, కొల్హాపూర్ లాంటి చోట్ల నుంచి తిరుపతికి నేరుగా విమానం వచ్చిందంటే అది డెబ్బై ఎనిమిదో, డెబ్బై ఆరో, యాభైయో సీట్ల విమానాల పుణ్యమే. ఆ రూట్లలో ఎ320 నిండదు. చిన్నది పోతే ఆ రూటే పోతుంది, జనం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో మారి రావాలి. హైకోర్టు పని మీద పొద్దున విజయవాడ వెళ్లి సాయంత్రానికి చిత్తూరు చేరాల్సిన వకీలుకి హైదరాబాద్‌లో విమానం మారడం అంటే అది విమాన ప్రయాణమే కాదు, ఆయన రాత్రి రైలే ఎక్కుతాడు.

చిన్న విమానాలు వద్దనుకున్నా కావాలనుకున్నా, దొరకడమే కష్టమవుతోంది. సీఆర్‌జే తయారీ 2021లో ఆగింది. క్యూ400 తయారీ కూడా ఆగింది. మిత్సుబిషి స్పేస్‌జెట్ 2023లో రద్దయింది. కొత్త టర్బోప్రాప్ ఆలోచనను ఎంబ్రేయర్ పక్కన పెట్టింది. ఈ పరిమాణంలో చెప్పుకోదగ్గ టర్బోప్రాప్ కావాలంటే ఇప్పుడు ఏటీఆర్ ఒక్కటే దిక్కు. ఇటు మన సంస్థల ఆర్డర్లు చూస్తే, 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500. ఆ 970లో వంద సీట్ల లోపు విమానం ఒక్కటీ లేదు. అన్ని పెద్ద విమానాలు చేతికొచ్చాక వాటిని ఎక్కడో ఒకచోట దించాలి కదా. దించే చోట ముందు ఎత్తేసేది ఏటీఆర్‌నే.

‘ఉడాన్’లో మూడేళ్ల పాటు నష్టం పూడ్చే సబ్సిడీ ఉంది, ఆ మూడేళ్లూ మామూలుగా ఆ రూటులో పోటీ ఉండదు. గడువు ముగిసిన మర్నాడు రూటు తన కాళ్ల మీద నిలబడాలి. డబ్బు సీటుకు ఇస్తారు గానీ ఏ వేళకి నడపాలన్నది సంస్థ ఇష్టం. పెద్ద ఊళ్ల మధ్య తిరగగా మిగిలిన ఖాళీలో, మధ్యాహ్నం రెండింటికో మూడింటికో, కడపకో కర్నూలుకో ఒక ఏటీఆర్‌ని పంపితే అది నిండదు, నిండలేదు కాబట్టి ఎత్తేశామంటారు. సబ్సిడీ ఇచ్చేటప్పుడు పొద్దున తొమ్మిదిలోపు ఒకటి, సాయంత్రం ఆరు తర్వాత ఒకటి అని షరతు పెడితే ఖర్చు పెరుగుతుంది, తెలుసు. అయినా మూడేళ్లు ఖాళీగా తిరిగే మధ్యాహ్నపు ఫ్లైటుకి పెట్టే డబ్బు కంటే అది మేలైన ఖర్చు.

కుప్పంలో ఎయిర్‌పోర్టు కడతామని ప్రభుత్వం అంటోంది. రన్‌వే ఎంత పొడవు, టెర్మినల్ ఎన్ని ఎకరాల్లో అన్న చర్చే ఎక్కువగా వినిపిస్తోంది. అక్కడ దిగగలిగే, నిండగలిగే విమానం దేశంలో ఇంకో పదేళ్లకు ఎవరి దగ్గర ఎన్ని ఉంటాయి, వాటికి కెప్టెన్లు ఎందరుంటారు అని ముందు అడగాలి. రేణిగుంటలో ఎంపీ అధ్యక్షతన జరిగే ఎయిర్‌పోర్టు సలహా సంఘం సమావేశంలోనూ అంతే. ఈ ఏడాది ఎంతమంది ప్రయాణించారన్న అంకె ఎలాగూ చెబుతారు. దాని పక్కన ఇంకో మూడు అంకెలు పెట్టించాలి: రోజుకు సగటున ఎన్ని టేకాఫ్‌లు, నేరుగా ఎన్ని ఊళ్లకు, మొదటి ఫ్లైటు ఎన్నింటికి దిగుతోంది.